పార్కిన్సన్స్ ఉన్నవారికి కీళ్లు పట్టేస్తే: ఏ మార్గం ఎవరికి?

పార్కిన్సన్స్ (వణుకు, బిగుతు తెచ్చి కదలికను నెమ్మదింపజేసే నరాల జబ్బు) ఉన్న పెద్దవాళ్లలో మోకాళ్లు అరిగినవాళ్లు, భుజం పట్టేసినవాళ్లు చాలామందే ఉంటారు. కుర్చీలోంచి లేవబోతే మోకాళ్లు కటకటమంటాయి. చేయి పైకెత్తబోతే భుజం సగంలో ఆగిపోతుంది. ఇక సలహాలు నాలుగు వైపుల నుంచీ వస్తాయి. నూనె రాయమని ఒకరు, ఇంజెక్షన్ చేయించమని మరొకరు, నడిస్తే అదే పోతుందని ఇంకొకరు, అసలు నడవనే వద్దని వేరొకరు. మా అమ్మకు పార్కిన్సన్స్ ఉంది, రెండు మోకాళ్ల అరుగుదలా ఉంది. ఆమెను చూసుకుంటూ, న్యూరాలజిస్టునూ ఎముకల డాక్టరునూ ఫిజియోథెరపిస్టునూ అడిగి తెలుసుకుంటూ వచ్చాక ఒక మాట బలంగా చెప్పాలనిపిస్తోంది. ఏ మందు, ఏ తైలం అనేది రెండో ప్రశ్న. ఆ బిగుతు కీలుదా, నరాల జబ్బుదా అన్నది మొదటి ప్రశ్న. అది తేలకుండా ఎంచుకున్న వైద్యం ఎంత ఖరీదైనదైనా గురి తప్పుతుంది.

చప్పుడు గురించి కంగారు వద్దు

కీలు లోపల జిగటగా ఒక ద్రవం ఉంటుంది. కీలు సాగినప్పుడు అందులో వాయువు బుడగ ఏర్పడి చప్పుడు వస్తుంది. వేళ్లు విరుస్తుండగా ఎంఆర్‌ఐ తీసి 2015లో పరిశోధకులు ఈ సంగతి చూపించారు. కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే పట్టీ ఎముక గట్టు మీదుగా జారినా చప్పుడు వస్తుంది, ఎముకల చివర్ల మీది నున్నటి పొర, అంటే మృదులాస్థి, గరుకుబారినా వస్తుంది. డొనాల్డ్ ఉంగర్ అనే అమెరికన్ డాక్టరు 60 ఏళ్లకు పైగా ఒక చేతి వేళ్లే విరుస్తూ, రెండో చేతి జోలికి పోకుండా ఉండి, చివరికి రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని చూపించారు. దానికి 2009లో, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

నొప్పి, వాపు, కీలు ఇరుక్కుపోవడం లేనంతవరకు చప్పుడు ఒక్కదానికే వైద్యం అక్కర్లేదు. చప్పుడుకు భయపడి నడక మానేస్తేనే అసలు నష్టం. తొడ ముందు భాగపు కండరం నీరసించి మోకాలి మీద భారం పెరుగుతుంది. పార్కిన్సన్స్ బిగుతూ కదలిక లేకపోతే ఇంకా ముదురుతుంది. అందుకే ఏ మార్గాన్నీ ‘చప్పుడు తగ్గిందా’ అనే కొలతతో చూడకండి.

బిగుతు ఎవరిది?

అరుగుదల వల్ల వచ్చే బిగుతు సాధారణంగా పొద్దున లేవగానే ఉండి అరగంటలోపు సడలుతుంది. చాలాసేపు కూర్చుని లేచినప్పుడు మళ్లీ పట్టేస్తుంది. మెట్లెక్కినా దిగినా నొప్పి పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. పొద్దున గంటకు పైగా సడలకుండా, రెండు చేతుల చిన్న కీళ్లూ వాచి ఉంటే అది రుమటాయిడ్ కీళ్లవాతం కావచ్చు. దానికి వైద్యం పూర్తిగా వేరు, ఆలస్యం చేయకూడదు.

పార్కిన్సన్స్ బిగుతు గడియారాన్ని అనుసరిస్తుంది. మాత్ర పనిచేస్తున్నంతసేపు ఒళ్లు వదులుగా ఉండి, తర్వాతి మాత్ర వేళ దగ్గర పడేసరికి బిగుస్తుంది. మొదట్లో ఒక పక్కే ఎక్కువగా ఉంటుంది. కీలు దగ్గర వాపు ఉండదు. రోగి చేయిని వదులుగా పెట్టమని, మోచేతిని మీరే నెమ్మదిగా వంచి చూడండి. మొదటి నుంచి చివరిదాకా సీసపు గొట్టం వంచుతున్నట్టు ఒకే రకంగా అడ్డుతగిలితే అది కండరాల బిగుతు. మోకాలు కొంతవరకు సాఫీగా వంగి, ఒక చోటికి రాగానే నొప్పితో ఆగిపోతే అది కీలు బాధ.

మా అమ్మ విషయంలో ఇది జాకెట్టు హుక్కుల దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. తెల్లవారుజామున, తొలి మాత్ర ఇంకా పడకముందు, మొదటి హుక్కు దగ్గరే వేళ్లు ఆగిపోతాయి. కుడి పాదం వేళ్లు కిందికి ముడుచుకుపోయి ఉంటాయి. మాత్ర వేసుకుని ముప్పావుగంట గడిచాక అవే వేళ్లు హుక్కులన్నీ పెట్టేస్తాయి. మోకాళ్లు మాత్రం అప్పుడూ మెట్టు దగ్గర మొండికేస్తాయి. అంటే ఒకే మనిషిలో రెండు రకాల బిగుతులూ ఉన్నాయి, రెండింటికీ వైద్యం ఒకటి కాదు.

నాలుగైదు రోజులు ఒక కాగితం మీద రాసి చూడండి: మాత్ర వేసిన వేళ, తిన్న వేళ, బిగుతు సున్నా నుంచి పది వరకు ఎంత, ఏ కీలు. డాక్టరు గదిలో దొరికే కొద్ది నిమిషాల్లో ఆ కాగితం చెప్పినంత స్పష్టంగా మనం నోటితో చెప్పలేం.

భుజం గురించి ప్రత్యేకంగా ఒక మాట. కొందరిలో వణుకు కన్నా ముందే ఒక భుజం పట్టేస్తుంది. భుజానికి నెలల తరబడి వైద్యం చేయించుకున్నాక గానీ పార్కిన్సన్స్ అని తేలని వాళ్లు ఉన్నారు. ఇంట్లో ఎవరికైనా ఒక భుజం పట్టేసి, అదే వైపు చేయి నడకలో ఊగకుండా ఉండి, చేతిరాత చిన్నదైపోతూ ఉంటే న్యూరాలజిస్టుకు కూడా చూపించడం మేలు.

ఇంకొక సంగతి మన ప్రాంతానిది. దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలో, 1937లో. నల్లగొండ, ప్రకాశం పల్లెల్లో ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లు తాగినవారికి వెన్నెముక, కీళ్లు బిగుసుకుపోవచ్చు. వెన్నుపాము నొక్కుకుపోయి కాళ్లు బలహీనపడవచ్చు కూడా. ఆ ఊళ్లలో పెరిగినవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.

దేన్ని బట్టి ఎంచుకోవాలి?

బిగుతు ఏ రకమో తేలాక ప్రతి మార్గాన్నీ మూడు ప్రశ్నలు అడగాలి. పార్కిన్సన్స్‌కు వాడే నరాల మాత్రలతో దీనికి పేచీ ఉందా? దీనివల్ల మగత, తూలుడు వచ్చి పడిపోయే ముప్పు పెరుగుతుందా? ఇంట్లో ఉన్న మనుషులతో రోజూ చేయగలమా? మూడింటిలో నేను ముందు చూసేది పడిపోయే ముప్పే. తుంటి ఎముక ఒక్కసారి విరిగితే మిగతా లెక్కలన్నీ తారుమారవుతాయి.

| మార్గం | ఏ బిగుతుకు | నరాల మాత్రలతో పేచీ | పడిపోయే ముప్పు | ఇంట్లో శ్రమ |
|---|---|---|---|---|
| మాత్ర వేళల సవరణ | జబ్బు బిగుతుకు | డాక్టరే మార్చాలి | సరిగా కుదిరితే తగ్గుతుంది | క్రమం తప్పకపోవడం |
| వ్యాయామం, ఫిజియోథెరపీ | రెండింటికీ | లేదు | తగ్గుతుంది | రోజూ అరగంట, తోడు ఒకరు |
| కాపడం, మర్దన | రెండింటికీ, కాసేపు | లేదు | నూనె పాదాలతో పెరుగుతుంది | కొద్దిగా |
| పైపూత జెల్ | చేతులు, మోకాళ్ల నొప్పికి | దాదాపు లేదు | లేదు | చాలా తక్కువ |
| నొప్పి మాత్రలు | కీలు నొప్పికి | కొన్నింటితో తీవ్రం | మగత మాత్రలతో పెరుగుతుంది | తక్కువ |
| కీలులో ఇంజెక్షన్ | వాచిన కీలుకు | దాదాపు లేదు | తక్కువ | ఆసుపత్రికి వెళ్లి రావడం |
| కీలు మార్పిడి | బాగా అరిగిన కీలుకు | ఆసుపత్రిలో జాగ్రత్త | తొలి నెలల్లో ఎక్కువ | చాలా ఎక్కువ |

మాత్ర వేళ: ఖర్చు లేని మార్గం

కాగితం మీద బిగుతు గడియారంతో పాటు నడుస్తున్నట్టు తేలితే ముందు వెళ్లాల్సింది న్యూరాలజిస్టు దగ్గరికి. పార్కిన్సన్స్‌కు ప్రధానంగా వాడే లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్రను భోజనానికి అరగంట ముందో, తిన్న గంట తర్వాతో వేసుకోమంటారు. మాంసకృత్తులూ లెవోడోపా పేగులో ఒకే దారి కోసం పోటీ పడటమే దీనికి కారణం. పెసరట్టు తింటూనో, గ్లాసెడు పాలతోనో మాత్ర వేసుకుంటే కొందరికి ఆ పూట మాత్ర సరిగా ఎక్కదు. అలాగని పప్పు, గుడ్డు మానేయకూడదు. కండ కరిగిపోతే మోకాలికి ఆసరా పోతుంది. వాటిలో ఎక్కువ భాగాన్ని రాత్రి భోజనానికి జరుపుకోవచ్చు. ఐరన్ మాత్రకూ లెవోడోపాకూ మధ్య కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. నెమ్మదిగా కరిగే రకం మాత్రను నమలకూడదు, పొడి చేయకూడదు.

దీనివల్ల మోకాలి అరుగుదల తగ్గదు. అయితే ఒళ్లు వదులైతే వ్యాయామం చేయగలుగుతారు. ఆ దారిన మోకాలికీ మేలు జరుగుతుంది.

వ్యాయామం: నా ఓటు దీనికే

రెండు రకాల బిగుతులకూ పనికివచ్చేది, ఏ మాత్రతోనూ పేచీ లేనిది, పడిపోయే ముప్పును తగ్గించేది ఇదొక్కటే. ఇది అన్నింటికన్నా కష్టమైనదని కూడా ఒప్పుకోవాలి. నొప్పిగా ఉన్న మనిషిని, అందులోనూ జబ్బు వల్ల ఉత్సాహం తగ్గిన మనిషిని రోజూ లేపి చేయించడం మాటలు కాదు.

వేళ ముఖ్యం. మాత్ర వేసుకున్నాక ఒళ్లు బాగా వదులుగా ఉండే సమయంలోనే చేయించాలి. మోకాళ్లకు ముందుగా చెప్పేది చుట్టిన తువ్వాలు వ్యాయామం. మంచం మీద కాలు చాపి, మోకాలి కింద తువ్వాలు చుట్ట పెట్టి, దాన్ని కిందికి నొక్కి ఐదారు సెకన్లు పట్టి ఉంచాలి, అలా పది సార్లు. తర్వాత చేతులున్న కుర్చీలోంచి లేచి కూర్చోవడం. పాదాలు వెనక్కి లాక్కుని, ముక్కు కాలివేళ్లను దాటేంతగా ముందుకు వంగి లేవాలి. వెనక్కి వాలి లేవబోతే మళ్లీ కుర్చీలోనే పడతారు. భుజానికి గోడ చాలు, వేళ్లతో గోడ మీద పైకి పాకించి, అందినచోట ఒక గీత గీసుకోవచ్చు.

పార్కిన్సన్స్‌లో కదలికలు తమకు తెలియకుండానే చిన్నవైపోతాయి. అందుకే కావాలని పెద్ద అంగలు, పెద్ద చేతి ఊపులు వేయించే పద్ధతులు ఉన్నాయి. ఎల్‌ఎస్‌వీటీ బిగ్ అనే శిక్షణ వారానికి నాలుగు రోజుల చొప్పున నాలుగు వారాలు సాగుతుంది. అది దొరకని ఊళ్లో తాళం సాయపడుతుంది. ఎవరైనా చప్పట్లు కొడుతూ ‘ఒకటి, రెండు’ అంటుంటే అడుగు సాఫీగా పడుతుంది. అమ్మకు భజన పాట పెడితే హాల్లో అడుగులు సమంగా పడతాయి. పాట ఆగితే గడప దగ్గర పాదాలు నేలకు అతుక్కుపోతాయి. నెమ్మదైన కదలికలతో చేసే చైనా వ్యాయామం తైచీ సాధనతో పార్కిన్సన్స్ వారికి నిలకడ మెరుగై, పడిపోవడం తగ్గిందని 2012లో అమెరికాలో ఒక పెద్ద అధ్యయనం తేల్చింది. యోగా చేసేవారు కుర్చీ ఆసరాతో చేసే ఆసనాలు ఎంచుకోవాలి. అరిగిన మోకాళ్లతో వజ్రాసనం, బాసింపట్టు వద్దు.

ఫిజియోథెరపీ కేంద్రానికి వెళ్లాలా, ఇంట్లో చేసుకోవాలా? మొదటి కొన్ని వారాలు నేర్చుకోవడానికి వెళ్లి, తర్వాత ఇంట్లో కొనసాగిస్తూ, మధ్యమధ్యలో చూపించుకోవడం ఎక్కువమందికి వీలైన దారి. కేంద్రంలో యంత్రాలకు తగిలించి పడుకోబెట్టే సమయం ఎక్కువ, కదిలించే సమయం తక్కువ అయితే మరో చోటు చూసుకోండి. మెదడులో తీగలు అమర్చే డీబీఎస్ శస్త్రచికిత్స అయినవారికి డయాథెర్మీ (విద్యుత్ తరంగాలతో ఒంటి లోపలికి వేడినిచ్చే వైద్యం) చేయనే కూడదు. ఆ తీగలు వేడెక్కి, మెదడు దెబ్బతిని ప్రాణాపాయం కలగవచ్చు. నొప్పికి వాడే అల్ట్రాసౌండ్ యంత్రమూ అంతే. కేంద్రంలో అడుగు పెట్టగానే ఈ సంగతి చెప్పాలి.

కాపడం, మర్దన, ఆయుర్వేదం

వేడినీళ్ల సంచి పావుగంట పెట్టి వెంటనే వ్యాయామం చేయిస్తే కదలిక సులువవుతుంది. మధుమేహం వల్ల స్పర్శ తగ్గిన పాదాలకైతే ముందు మీ ముంజేతి మీద వేడి చూసుకోండి. నువ్వుల నూనె మర్దనా హాయినిస్తుంది. ఆ హాయిని నేను తక్కువ చేయను, రోజంతా బిగుసుకున్న ఒంటికి మరో మనిషి చేయి తగలడం పెద్ద ఊరట. అయితే పాదాలకు అంటిన నూనె తుడవకుండా స్నానాల గదిలోకి పంపవద్దు.

లోపలికి పుచ్చుకునే పొడుల సంగతి వేరు. ఆయుర్వేదంలో కంపవాతం అనే ఈ జబ్బుకు వాడే దూలగొండి గింజల్లో సహజంగానే లెవోడోపా ఉంటుంది. మాత్రలతో పాటు ఆ పొడీ వాడితే మోతాదు పెరిగినట్టే. వాంతులు, బీపీ పడిపోవడం, ఒళ్లు తనంతట తాను మెలికలు తిరగడం జరగవచ్చు. వాడాలనుకుంటే న్యూరాలజిస్టుకు చెప్పి వాడండి. చిరునామా లేని ‘కీళ్లనొప్పుల పొడుల్లో’ స్టెరాయిడ్లు కలిపి దొరికిన సందర్భాలు ఉన్నాయి. రెండు రోజుల్లో మాయమంత్రంలా నొప్పి పోతే సంతోషించకుండా అనుమానించాలి. కీళ్లకు మంచిదని అమ్మే గ్లూకోసమైన్ మాత్రల మీద నాకు పెద్ద ఆశ లేదు. పరీక్షల్లో దాని మేలు నిలకడగా రుజువు కాలేదు. ఆ డబ్బుతో విటమిన్ డి, బి12 పరీక్షలు చేయించడం నయం. లెవోడోపా ఏళ్ల తరబడి వాడేవారిలో బి12 తగ్గే అవకాశం ఉంది.

నొప్పి మాత్రలు: అసలు ప్రమాదం ఇక్కడే

మోకాలికైనా వేళ్లకైనా మొదట డైక్లోఫెనాక్ జెల్ ప్రయత్నించడం మంచిది. పైపూత కాబట్టి రక్తంలోకి చేరేది తక్కువ. మాత్రే కావాలంటే పారాసిటమాల్, డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా. ఐబుప్రోఫెన్, అసిక్లోఫెనాక్ లాంటివి వృద్ధుల్లో కడుపు పుండ్లకు, మూత్రపిండాలకు, బీపీకి చేటు. కొద్ది రోజులకు మించి సొంతంగా వాడరాదు.

పెద్ద పేచీ ట్రమడాల్‌తో. పార్కిన్సన్స్‌కు రసాగిలిన్ గానీ సెలిగిలిన్ గానీ వాడేవారు ట్రమడాల్ వేసుకోకూడదు. తీవ్రమైన జ్వరం, కండరాల బిగుతు, అయోమయం వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. దగ్గు మందుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్ కూడా వీటితో పనికిరాదు. పారాసిటమాల్‌తో కలిపిన ట్రమడాల్ మాత్ర మోకాలి నొప్పికి మామూలుగా రాసేదే. అమ్మకు ఒకసారి ఎముకల డాక్టరు చీటీలో అదే ఉంది. ‘ఈమెగారు ఇంకేమి మాత్రలు వాడుతున్నారమ్మా?’ అని మందుల దుకాణంలో పెద్దాయన అడగడంతో బయటపడింది. అప్పటి నుంచి మాత్రల జాబితా కాగితం ఆమె చేతిసంచిలోనే ఉంటుంది.

నొప్పి మాత్రతో పాటు ‘గ్యాస్‌కు’ అని రాసే మాత్ర పేరూ చదవండి. రాబెప్రజోల్ లాంటి మందుతో లెవోసల్పిరైడ్ కలిపినవి మన దగ్గర విరివిగా వాడతారు. లెవోసల్పిరైడ్, వాంతులకిచ్చే మెటోక్లోప్రమైడ్, తలతిరుగుడుకిచ్చే సిన్నరిజిన్, ఇవన్నీ పార్కిన్సన్స్ బిగుతును పెంచుతాయి. మోకాలికి వైద్యం మొదలుపెట్టాక ఒళ్లంతా బిగుసుకుందంటే తప్పు మోకాలిది కాక ఈ గ్యాస్ మాత్రది కావచ్చు. నడుం నొప్పికి ఇచ్చే కండరాలు సడలించే మాత్రలు మగత తెస్తాయి. నడకలో నిలకడ లేనివారికి వాటిని నేను వద్దంటాను.

ఇంజెక్షన్, శస్త్రచికిత్స

వాచి, నీరు చేరిన మోకాలికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. ఆ వారాల్లో వ్యాయామం మొదలుపెట్టగలిగితేనే దానికి ఫలితం. సాధారణంగా మూడు నెలల ఎడం లేకుండా మళ్లీ చేయరు. మధుమేహం ఉంటే కొన్ని రోజులు చక్కెర పెరుగుతుంది. కీలులోకి ఎక్కించే జెల్ ఇంజెక్షన్లు, పీఆర్‌పీ (రోగి రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ఇంజెక్షన్) ఖర్చుకు తగ్గ ఫలితం ఇస్తాయని నాకు నమ్మకం కుదరలేదు.

కీలు మార్పిడి పార్కిన్సన్స్ ఉన్నా చేయవచ్చు, నొప్పి బాగా తగ్గుతుంది. నడక మాత్రం జబ్బు లేనివారికి వచ్చినంతగా రాకపోవచ్చు. ఒప్పుకునే ముందు న్యూరాలజిస్టు, శస్త్రచికిత్స చేసే డాక్టరు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా అని అడగండి. ఆసుపత్రిలోనూ లెవోడోపా ఇంటి వేళలకే అందాలి. వార్డులో మందులిచ్చే వేళలు వేరుగా ఉంటాయి కాబట్టి వేళల కాగితం మంచం దగ్గర అంటించండి. శస్త్రచికిత్స తర్వాత అయోమయంగా మాట్లాడితే పార్కిన్సన్స్ బిగుతును పెంచే హాలోపెరిడాల్ ఇవ్వవద్దని ముందే కేస్‌షీట్‌లో రాయించండి.

ఎవరు ఏది ఎంచుకోవాలి?

జబ్బు తొలిదశలో ఉండి, ఉద్యోగం చేసుకుంటున్నవారు వ్యాయామానికే పెద్దపీట వేయాలి. ఇప్పుడు కట్టుకున్న కండ తర్వాతి ఏళ్లకు ఆసరా. నొప్పి ఉన్న రోజున జెల్, సైకిల్ యంత్రం సరిపోతాయి.

మాత్ర ప్రభావం రోజులో పలుమార్లు తగ్గిపోతున్నవారు కీలు వైద్యానికి వెళ్లే ముందు వేళల సవరణ చేయించుకోవాలి. అది కుదిరాక మిగిలిన నొప్పే కీలుది.

ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, పిల్లలు అమెరికాలోనో బెంగళూరులోనో ఉన్నవాళ్లకు మగత తెచ్చే ఏ మాత్రా వద్దు. ముందు ఇల్లు సర్దుకోండి: స్నానాల గదిలో పట్టుకునే కడ్డీ, ఎత్తు పెంచిన కమోడ్, చేతులున్న కుర్చీ, జారే చాపల తొలగింపు. వీడియో కాల్‌లో పిల్లలు రోజూ పదిహేను నిమిషాలు ఎదురుగా కూర్చుని వ్యాయామం చేయించవచ్చు. దూరం నుంచి చేయగల సేవల్లో ఇంతకన్నా విలువైనది నాకు కనిపించలేదు.

పక్షవాతం తర్వాత బిగుసుకున్న చేయికాలికి ఈ లెక్క కొంత మారుతుంది. అక్కడ వేగంగా లాగితే కండరం ఇంకా పట్టేస్తుంది, నెమ్మదిగా సాగదీయాలి. బలహీనమైన భుజాన్ని చేయి పట్టి లాగి లేపకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ (మెదడు, వెన్నుపాములో నరాల మీది పొర దెబ్బతినే జబ్బు) ఉన్నవారిలో చాలామందికి ఒంటి వేడి పెరిగితే చూపు మసకబారడం, నీరసం ఎక్కువవుతాయి. వారు వేడి కాపడం బదులు చల్లని వేళ, ఫ్యాన్ కింద వ్యాయామం ఎంచుకోవాలి.

దివ్యాంగుల హక్కుల చట్టం 2016 గుర్తించిన 21 వైకల్యాల్లో పార్కిన్సన్స్, మల్టిపుల్ స్క్లెరోసిస్ కూడా ఉన్నాయి. గుర్తింపు కార్డుకు దరఖాస్తు చేసుకోవడానికి సంకోచించకండి.

ఎంచుకుంటూ కూర్చోకూడని సందర్భాలు

ఒక కీలు ఉన్నట్టుండి ఎర్రగా, వేడిగా వాచి జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. కీలులో చీము పట్టి ఉండవచ్చు. పడ్డాక కాలు మోపలేకపోయినా అంతే. పార్కిన్సన్స్ మాత్రలు అయిపోయో, మానేసో ఒకటి రెండు రోజులు గడిచాక ఒళ్లు కర్రలా బిగుసుకుని, జ్వరం, అయోమయం మొదలైతే 108కి ఫోను చేయండి. ఏ మాత్ర ఎప్పటి నుంచి ఆగిందో వచ్చినవారికి మొదటి మాటగా చెప్పండి.